మూల మడవని చీటీ

వడ్డించిన మూడు కంచాల్లో అన్నం చల్లారిపోయింది. ఒక్కదానిలోనూ చెయ్యి పడలేదు.

కంచాల మధ్య, రసం గిన్నె పక్కన, ఆ చీటీ ఉంది. నోటుపుస్తకంలోంచి చింపిన అరపేజీ కాగితం. గంటన్నర క్రితం రెండొందల మంది ముందు మైకులో చదివిన కాగితం అదే.

పాస్టరు మోహన్‌రాజ్ చర్చి నుంచి వచ్చి తెల్లచొక్కా కూడా మార్చుకోలేదు. మెడ దగ్గర బొత్తాం పెట్టినట్టే ఉంది.

"ఎందుకిట్లా చేసినావు?" అన్నాడు. ఆ మాట అనడం అది నాలుగోసారి.

వినోదిని రసం గిన్నె మీద మూత పెట్టింది. 

"నిన్నే అడగతా ఉండాను!"

"వినపడతా ఉంది. మైకు లేకపోయినా మీ మాట వినపడతాది."

మామూలు రోజైతే కూతురు జెమీమా పకపకా నవ్వేసేది. ఈ ఏడాదే బడిలో టీచరుగా చేరిన పిల్ల, తండ్రి గొంతు గురించి తల్లీకూతుళ్లకు రోజూ వేళాకోళమే. ఇవాళ ఆ పిల్ల గోడకు ఆనుకొని తల్లినే చూస్తోంది. తల్లి పైట కప్పుకొన్న చోటుకి చూపు పోతోంది, వెంటనే పక్కకు తిప్పుకుంటోంది.

పెరంబూరులోని ఆ తెలుగు సంఘంలో వాకిలి పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. కష్టం ఉన్నవాళ్లు చీటీ రాసి అందులో వేస్తారు. పేరు రాయరు. చదునుగా వేసిన చీటీని ఆదివారం ఆరాధనలో పాస్టరు అందరి ముందు చదువుతాడు, సంఘమంతా ప్రార్థన చేస్తుంది. కుడిమూల మడిచి వేస్తే అది పాస్టరు ఒక్కడికే. గది తలుపు వేసుకొని మోకాళ్ల మీద చదువుకుంటాడు. ఈ నియమం ఎక్కడా రాసి లేదు గానీ, ఆదివార బడికి వచ్చే పిల్లలక్కూడా తెలుసు. శనివారం సాయంత్రం పెట్టె తెరిచి చీటీలను రెండు దొంతరలు చెయ్యడం పాస్టరు భార్య పని. ఇరవై ఏళ్లుగా వినోదిని చేస్తున్న పని.

ఈ పొద్దు చదునైన దొంతరలో మూడో చీటీ ఇది. "నా రొమ్ములో గడ్డ ఉంది. అయిదు నెలలుగా దాచిపెట్టినాను. ఆస్పత్రికి పోతే నా భర్త తల ఎత్తుకోలేడు. పోకపోతే నేను మిగలను. సంఘమంతా నా కోసం ప్రార్థన చెయ్యండి."

మోహన్‌రాజ్ ఒక్క మాట కూడా తడబడకుండా చదివాడు. పెళ్లయి ఇరవై నాలుగేళ్లు. వారం వారం అంగడికి పట్టుకెళ్లే సరుకుల జాబితాలో ఉండేవి ఆ అక్షరాలే. అయినా గుర్తు పట్టలేదు. పట్టకపోగా, చదవడం అయ్యాక కళ్లద్దాలు తీసి, "ఏ భర్తండీ ఈయన? భార్య అయిదు నెలలు బాధ దాచుకుంటే తెలుసుకోలేనివాడు విశ్వాసి ఎట్లా అవుతాడు?" అని గట్టిగా అన్నాడు. వెనక వరసలోంచి 'ఆమేన్' కూడా వినిపించింది.

తర్వాత, "ఆ సహోదరి ఎవరో లేచి నిలబడండి, సంఘం చేతులు చాపి ప్రార్థిస్తుంది" అన్నాడు.

అర నిమిషం ఎవరూ లేవలేదు. అప్పుడు ముందు వరసలో వినోదిని లేచింది.

ఆయన చిరునవ్వు నవ్వాడు. సిగ్గుపడే ఆడవాళ్లను చెయ్యి పట్టుకొని ముందుకు తీసుకురావడం ఆమెకు అలవాటు. "చూడండి, అమ్మగారే వస్తున్నారు, భయపడకండి. అమ్మగారూ, ఎవరో ఆమెను పిలుచుకొని రండి" అన్నాడు.

"నేనే" అంది వినోదిని.

ఆమె దగ్గర మైకు లేదు. అయినా చివరి బెంచీ దాకా వినిపించింది. కీబోర్డు ఆగిపోయింది.  ముగింపు దీవెన సంఘ పెద్ద వరదరాజులు చెప్పాల్సి వచ్చింది. జనం చేతులు కలపకుండా, చెప్పులు వెతుక్కొని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వెళ్లిపోయారు.

ఇంకొకరి భార్య గడ్డ దాచుకొని ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదు. నాలుగేళ్ల క్రితం మోహన్‌రాజ్‌కు గుండెనొప్పి వచ్చింది. ఆపరేషన్‌కు డాక్టర్లు తేదీ ఇచ్చారు. ఆయన పోలేదు. ప్రార్థన చేసుకొని ఇంట్లో కూర్చున్నాడు, ఏమీ కాలేదు. ఆ సాక్ష్యం మీదే నలభై మంది సంఘం రెండొందల మంది అయింది. అప్పటి నుంచి ఆయన ప్రసంగం ఏదైనా చివరికి వచ్చి ఆగేది ఒక్క చోటే. దేవుని మీద ఆనుకున్నవాడికి ఆస్పత్రి గడపతో పని లేదు.

"చీటీ వేసినావు, సరే" అన్నాడు మోహన్‌రాజ్. "మూల మడిచి వేసుంటే నేనొక్కడినే చదువుకోని ఉందును గదా? సంఘంలో ఇంత రచ్చ అయ్యేదా?"

"మడిచినాను."

"యాడ మడిచినావు? ఇదో, చూడు!" కాగితం ఎత్తి ఆమె ముఖం ముందు పెట్టాడు. "మడత యాడుంది?"

"ఇది కాదు. దీనికి ముందర మూడు వేసినాను. మూడింటికీ మూల మడిచినాను."

ఆయన చేతిలో కాగితం అట్లాగే ఉండిపోయింది.

"జూన్‌లో ఒకటి" అంది వినోదిని. గొంతులో కోపం లేదు, అదే ఆయన్ను ఎక్కువ భయపెట్టింది. "మీరు తలుపేసుకోని ప్రార్థన చేసినారు. నేను వంటింట్లో నిలబడి విన్నాను. 'ఈ సహోదరి భయం తీసెయ్యి ప్రభువా' అని ఏడ్చినారు. నాకూ ఏడుపొచ్చింది. మంచి ప్రార్థన. జులైలో ఇంకొకటి. సెప్టెంబరులో వేసినదానికైతే మీరు ప్రసంగమే చేసినారు."

మోహన్‌రాజ్‌కు గుర్తొచ్చింది. రోగం కంటే రోగభయమే పెద్ద పాపమని చెప్పిన ప్రసంగం. ఆ రోజు జనం లేచి నిలబడి స్తోత్రాలు చెప్పారు. అంత బాగా ఈ మధ్య ఎప్పుడూ చెప్పలేదని ఆయనే ఇంటికొచ్చి సంబరపడ్డాడు. సంబరపడుతుంటే ఆమె మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"నలభై నిమిషాలు నన్నే తిట్టినారు. నేనని తెలీకుండా తిట్టినారు."

"అమ్మా!" జెమీమా గోడ దగ్గర్నుంచి వచ్చి తల్లి భుజం పట్టుకుంది. "నాతో చెప్పుండొచ్చు గదా మా? ఒక్క మాట! బళ్లో లీవు పెట్టి నేనే ఆస్పత్రికి కూట్టికొని పోయుందును గదా!"

"నీతో చెప్తే నువ్వు నాన్నతో పోట్లాడతావు. ఆయన ప్రార్థనకు కూచుంటాడు. నువ్వు అన్నం మానేస్తావు. అంతే గదా అయ్యేది."

"నాతో?" అన్నాడు మోహన్‌రాజ్. "నాతో చెప్పేదానికేం? పక్కన పడుకునే మనిషిని."

వినోదిని మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది.

"ఎవరితో చెప్పాల? సంఘంలో ప్రతి ఆడదానికీ కష్టమొస్తే పోయి చెప్పుకునే దానికి ఒక పాస్టరు ఉండాడు. నాకు లేడు. నేను అమ్మగారిని. అమ్మగారికేం కష్టం ఉంటాదని ఎవరడగతారు? పెట్టెలో చీటీ వేసే హక్కు ప్రతి విశ్వాసికీ ఉందని చెప్పింది మీరే. నేనూ విశ్వాసినే. మడిచిన చీటీ మీకు వినపడలేదు. అందుకని ఈసారి మడవలేదు."

 కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక తంటాలు పడుతున్నారు.

"నొప్పి ఉందా?" అని అడిగాడు మోహన్‌రాజ్. ఇంటికి వచ్చిన తర్వాత ఆయన భర్తలా మాట్లాడిన మొదటి మాట అది.

"రెండు నెలలుగా ఉంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోలేను."

"ఫ్యాను గాలి తగల్లేదని నువ్వు ఈ పక్కకు మారినావనుకున్నా."

"నేను చెప్పిందీ అదే గదా."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఇంత తెలివితక్కువగా ఒక మనిషి పక్కన ఇంకో మనిషి బతకడం సాధ్యమేనా అనిపించింది ఆయనకు. 

అప్పుడే వాకిట్లో దగ్గు వినిపించింది.

"వందనాలు అయ్యగారా. లోపలికి రావచ్చునా?"

వరదరాజులు. సంఘ పెద్ద. పెట్టెల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. నలభై ఏళ్ల వయసులో బాప్తిస్మం తీసుకున్నా, కన్నవాళ్లు పెట్టిన పేరు మార్చుకోనని పట్టుబట్టాడు. పోయినేడాది భార్య పోయినప్పటి నుంచి చర్చే ఇల్లు ఆయనకు.

లోపలికొచ్చి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. వినోదిని వైపు చూడలేదు. ఆమె శరీరం గురించి మైకులో విన్న తర్వాత ఆమె ముఖం చూడడం ఆ పెద్దమనిషికి మర్యాద అనిపించలేదు. జెమీమా ఇచ్చిన నీళ్లు చేతిలోనే పట్టుకున్నాడు.

"పెద్దలం అయిదుగురమూ ఆడనే కూచోని మాట్లాడినాం అయ్యగారా. నలభై దినాలు ఉపవాస ప్రార్థన పెడతాం. ఇంటికొకరు. నేను మొత్తం నలభై దినాలూ ఉంటాను. అమ్మగారికి ఏమీ కాదు, కానియ్యం." గొంతు సర్దుకున్నాడు. "వచ్చే ఆదివారం అమ్మగారు లేచి ఒక్క మాట చెప్పాల. 'నేను దేవుని మీదనే ఆనుకోనుండాను, ఆస్పత్రికి పోను' అని. అంతే."

"ఎన్న అంకిల్ పేసరీంగ?" జెమీమా గొంతు కీచుమంది. కోపం వస్తే ఆ పిల్లకు అరవమే ముందు వస్తుంది. "ఏం మాట్లాడతా ఉండారు మీరు? అయిదు నెలలు చాలదా? ఇంకా నలభై దినాలా? మా అమ్మ ప్రాణం మీ కమిటీ తీర్మానమా?"

"జెమీమా, పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు..." అని మొదలుపెట్టాడు మోహన్‌రాజ్. 

"పాపకు కోపమొచ్చేది న్యాయమే" అన్నాడు వరదరాజులు. "కానీ పాపా, మీ నాన్న మాట విని మన సంఘంలో ఎంత మంది మాత్రలు మానుకున్నారో నీకు తెలీదు. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు. పాస్టరమ్మే పోయి ఆస్పత్రి వరసలో నిలబడిందని తెలిస్తే వాళ్లంతా ఏమైపోవాల?"

 ఎంత మంది అని జెమీమా అడగాలనుకుంది. అడగడానికి భయమేసింది.

ఇప్పుడు వరదరాజులు వినోదిని వైపు తిరిగాడు. "అమ్మగారా, మా కస్తూరి మాదిరి నిలబడండి. ఆమె ఎనిమిదో క్లాసు కూడా చదవలేదు. ఆమెకు చేతనైంది మీకు చేతగాదా?"

ఆయన భార్య కస్తూరికి కామెర్లు వచ్చి పంతొమ్మిది రోజులు మంచంలో ఉండి పోయింది. సమాధి దగ్గర పాస్టరు చేసిన ప్రసంగాన్ని సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పంతొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా ఆస్పత్రి మాటెత్తని విశ్వాస వీరురాలని ఆయన అన్నాడు. స్త్రీల కూడికలో ఆమె పేరు రాని నెల లేదు. వరదరాజులు ఆ ఒక్క మాట పట్టుకొని బతుకుతున్నాడని అందరికీ తెలుసు.

 వినోదిని భర్త వైపు తిరిగింది.

"అన్న అడిగింది నన్ను కాదు. మిమ్మల్ని. చెప్పండి."

మోహన్‌రాజ్ చీటీ వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. భార్య ఎడమ చెయ్యి ఒంటికి ఆనించి పట్టుకొని నిలబడి ఉంది. ఎన్నాళ్లుగా అట్లా నిలబడుతోందో ఆయనకు తెలియదు.

"రేపు పొద్దున ఆస్పత్రికి పోదాం" అన్నాడు.

అయిదు నెలలుగా ఆ మాట కోసమే ఆమె ఎదురుచూసింది. ఎన్నో రకాలుగా ఊహించుకుంది. వచ్చేసరికి కుర్చీ కోసం చెయ్యి చాపింది. జెమీమా పట్టుకొని కూర్చోబెట్టింది. వినోదిని ఏడ్చింది, దాచుకోకుండా ఏడ్చింది.

"ఏమన్నారు అయ్యగారా?" అన్నాడు వరదరాజులు.

"రేపు నా భార్యను ఆస్పత్రికి తీసుకోని పోతాను అన్నా. నలభై దినాలు ఆగలేను."

నీళ్ల గ్లాసు నేల మీద పెట్టాడు ముసలాయన. పెడుతుంటే నీళ్లు ఒలికాయి.

"ఆ పొద్దు మా వాకిట్లో ఆటో నిలబడుంది" అన్నాడు. "కస్తూరి మంచాన పడిన పదకొండో దినం. నాకు మనసు ఆగలేదు. నేనే పిలిపించినాను. ఆరాధన ముగించుకోని మీరు నేరుగా మా ఇంటికే వచ్చినారు. ఆటోను తిప్పి పంపించేసినారు. 'ఆమె అడగలేదే అన్నా, నువ్వెందుకు భయపడతావు' అన్నారు. గుర్తుందా?"

మోహన్‌రాజ్ తల ఊపాడు.

"అయితే మీ భార్యకు ఒక విశ్వాసం, నా భార్యకు ఒక విశ్వాసమా?" గొంతు పెరిగింది, వెంటనే తగ్గింది. తనే తనకు సర్దిచెప్పుకుంటున్నట్టుంది. "పోనీ. అమ్మగారు భయపడినారు, అడిగినారు. మీరు పోతా ఉండారు. మా కస్తూరి అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె ఇష్టప్రకారమే పోయింది. ఆ ఒక్కటి ఉంది నాకు. చాలు."

చాలు అన్నాడు గానీ, అది ప్రశ్నలాగే వినిపించింది. ఎవరైనా అవునంటే బాగుండునని ముగ్గురి ముఖాలూ చూశాడు.

 వినోదిని ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఈ ముసలాయన ఇంటికి పోయి నిద్రపోతాడు. రేపు తను ఆస్పత్రికి పోతుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. కానీ అయిదు నెలలు నోరు మూసుకుంటే ఏమవుతుందో ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు.

"అన్నా" అంది. "కస్తూరక్క అడిగింది."

"వినోదినీ!"

అరిచింది మోహన్‌రాజ్. ఆ అరుపుతోనే జెమీమాకు అర్థమైపోయింది, తండ్రికి కూడా తెలుసని. తండ్రి దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

"పోయే ముందు వారం పక్కింటి అమ్మణి చేత చీటీ పంపించింది" అంది వినోదిని. "శనివారం పెట్టె తెరిచేది నేనే గదా అన్నా. నేనే చదివినాను. నేనే తీసుకొచ్చి ఈయన చేతికిచ్చినాను. ఆ తర్వాత నేను ఏమీ అడగలేదు. అమ్మగారు అడగకూడదని ఊరుకున్నాను. మీరు రోజూ ఆమె పేరు చెప్పి నన్ను పలకరించినప్పుడంతా ఊరుకున్నాను. ఆ పాపం నాది."

వరదరాజులు కళ్లు ఆర్పకుండా వింటున్నాడు.

"ఏం రాసింది?"

"'మా ఇంటాయన మీ మాట దాటి పోడు. నన్ను ఆస్పత్రికి తీసుకోని పొమ్మని మీరే ఆయనకు ఒక్క మాట చెప్పండి అయ్యగారా' అని."

బయట స్కూటరు స్టార్టయి వెళ్లిపోయింది. వరదరాజులు వేళ్ల మీద ఏదో లెక్క చూసుకున్నాడు. మోహన్‌రాజ్ వైపు నెమ్మదిగా తిరిగాడు.

"చీటీ మీ చేతికొచ్చింది శనివారం. మీరు మా ఇంటికొచ్చి ఆటోను పంపించేసింది ఆదివారం."

"నేను నిజంగా నమ్మినాను అన్నా" అన్నాడు మోహన్‌రాజ్.  "దేవుడు లేపుతాడనే నమ్మినాను. ఇంకొక్క దినం ఆగితే చాలనుకున్నాను. రోజూ అదే అనుకున్నాను."

"అడగలేదన్నారే నాతో."



ముసలాయన అరవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని వినోదినికి అనిపించింది. కుర్చీ చేతులు పట్టుకొని లేచాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు.

"రేపు పోండి అమ్మగారా. మందు తీసుకోండి. బాగై రండి. మీ మీద నాకేం లేదు." తర్వాత పాస్టరు వైపు చూశాడు. "ఆదివారం నేను ఎప్పటి మాదిరే ముందు వరసలో కూచోనుంటాను అయ్యగారా. మా కస్తూరి చీటీ కూడా చదవండి. అందరూ వినాల."

మోహన్‌రాజ్ లేచి నిలబడ్డాడు.  ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ ముఖంలో తప్పించుకునే దారి దొరికిన వెలుగు కనిపించింది.

"అది యాడుంది అన్నా ఇప్పుడు? పోయినేటి చీటీ... ఎప్పుడో చింపేసుంటాం గదా."

"చింపమని నా చేతికే ఇచ్చినారు. చింపలేదు" అంది వినోదిని. "నా దగ్గరుంది."